అడుగున తెరిచిన అక్షరాలు

వెర్లీన్ టాలివర్ గీసిన ఇంగ్లీషు 'ఓ' అక్షరాన్ని చూసినవాళ్ళు మొదట అడిగేది ఒకటే: కింద ఎందుకు తెగిపోయింది? ఆమె జవాబు కూడా ఒకటే.

"నీళ్ళు పోవడానికి."

అక్షరంలో నీళ్ళేమిటని డెట్రాయిట్‌లో పుట్టి పెరిగినవాళ్ళెవరూ అడగరు. నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచు కరిగి ఉప్పులో కలిసి బూడిదరంగు బురదై కార్ల మీదికి చిమ్ముతుంది. కారు వెనక క్రోమ్‌తో చేసిన పేరులో ఏ అక్షరానికి మూసుకున్న పొట్ట ఉంటే ఆ పొట్టలో చేరి కూర్చుంటుంది. రెండు చలికాలాలు గడిస్తే చాలు, అక్కణ్ణించి తుప్పు చార ఒకటి కిందికి దిగుతుంది. ఇరవై నాలుగేళ్ళు కార్ల పేర్లు గీసిన వెర్లీన్, ఆ చారను చూసి ఏ అక్షరం కార్చిందో వెనకనుంచే చెప్పగలదు.

ఆరేళ్ళప్పుడు అలబామా నుంచి తల్లితో బస్సులో వచ్చింది. తండ్రి అప్పటికే ఇక్కడ ఇనుము పోత పోసే ఫౌండ్రీలో చేరాడు. హైస్కూల్లో ఆడపిల్లల్ని వంట క్లాసుకీ, మగపిల్లల్ని యంత్రాల నమూనాలు గీసే డ్రాఫ్టింగ్ క్లాసుకీ పంపేవారు. వెర్లీన్ ఎవరినీ అడక్కుండా డ్రాఫ్టింగ్ గదిలో వెనక బెంచీ మీద పోయి కూర్చుంది. మేష్టారు మూడు వారాలు ఆమెను చూడనట్టే నటించాడు. నాలుగో వారం విసిగిపోయి ఒక బోర్డు, టీ-స్క్వేర్ ఆమె ముందు పడేశాడు. "నీకు ఏదో ఒకటి ఇస్తే తప్ప వెళ్ళేలా లేవు" అన్నాడు. ఇచ్చాక కూడా వెళ్ళలేదు.

ఇరవై మూడో ఏట ఒక కార్ల కంపెనీ నేమ్‌ప్లేట్ గదిలో ట్రేసర్‌గా చేరింది. కంపెనీ డిజైన్ స్టూడియోలో టై కట్టుకున్న మగవాళ్ళు పెన్సిలుతో పేరు గీసి పంపేవారు. ఆ గీతలు చూడ్డానికి బాగుండేవి కాని వాటితో లోహం పోసే అచ్చు చెయ్యడం ఎవరి తరమూ కాదు. గుండ్రాలు గుండ్రంగా ఉండవు, రెండు 'ఏ' అక్షరాలు ఒకలా ఉండవు. ట్రేసర్లు వాటిని కంపాస్‌తో, ఇంకు పెన్నుతో వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్ళీ గీస్తేనే అచ్చు తయారయ్యేది. కాగితం మూల గడిలో మాత్రం స్టూడియో మనిషి పేరు, సరిచూసిన మనిషి పేరు ఉండేవి. ట్రేసర్‌కి ఒక నంబరు.

ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం అన్నాల వేళ, వెర్లీన్ నోటు పుస్తకం పట్టుకుని కంపెనీ పార్కింగ్‌లో తిరిగింది. ఏ కారు మీద ఏ అక్షరం తుప్పు పట్టిందో రాసుకుంది. తరవాత తనంతట తానే ఒక అక్షరమాల మొదలుపెట్టింది. 'ఓ' అక్షరానికి అడుగున సందు. 'ఏ' అక్షరానికి అడ్డగీత కుడికాలిని తాకకుండా ఆగిపోతుంది. నీళ్ళు ఎక్కడ చిక్కుకుంటాయో అక్కడ తలుపు. అన్ని గీతలూ ఒకే మందం, అన్ని వంపులూ వృత్తంలో ముక్కలే. గదికి పెద్దగా ఉన్నాయన దాన్ని చూసి పగలబడి నవ్వాడు.

"ఇది కారు మీద రాసేది కాదు తల్లీ, రాకెట్ మీద రాసేది!"

అందరూ నవ్వారు. వెర్లీన్ ఆ ఫైలు అట్ట మీద 'రాకెట్' అని రాసుకుని ఇంటికి తెచ్చుకుంది. ఆయన వెక్కిరించాడని ఆమెకు తెలియక కాదు. పొగడ్తగా తీసుకోవాలని నిర్ణయించుకుంది, అంతే.

తొంభై రెండులో కంప్యూటర్లు వచ్చాక ఆ గదిని మూసేశారు. వెర్లీన్‌కి అప్పుడు నలభై ఏడు.

ఆమె ఉండేది తూర్పు వైపు, రెండు వాటాల ఇటుక ఇంట్లో పై వాటా. కింది వాటాలో డెస్మండ్ ఏకర్స్ దిగాడు. గ్రాషియట్ రోడ్డు మీద సిటీ బస్సు నడుపుతాడు. డ్యూటీ దిగిన దగ్గర్నుంచి బేస్‌మెంట్‌లో ఏవో పెట్టెలకు వైర్లు తగిలించి కూర్చునేవాడు. ఒక శనివారం పొద్దున వెర్లీన్ మెట్లు దిగి వెళ్ళి తలుపు కొట్టింది.

"నాయనా, నీ ఇంట్లో ఏదో మిషను పాడైనట్టుంది. మెకానిక్‌ని పిలవనా?"

"అది పాట, మిస్ వెర్లీన్."

"పాటా? మరి మాటలేవి?"

"మాటలుండవు."

"మా కంపెనీలో రేకులు కొట్టే ప్రెస్సు షాపులో రెండో షిఫ్టులా ఉంది." ఆమె కాసేపు గుమ్మంలోనే నిలబడి విన్నది. చెప్పు మడమ దానంతట అదే ఆడుతోంది. "ఆ నాలుగో దెబ్బ బాగుంది. దాన్ని తగ్గించకు."

బల్ల మీద ఒక రికార్డు ఉంది. డెస్మండ్ సొంతంగా అచ్చు వేయించుకున్నది. మధ్యలో అతికించిన గుండ్రటి కాగితం మీది పేరు చూసి వెర్లీన్ మొహం చిట్లించింది.

"ఇదెవరు రాశారు?"

"నేనే. స్టెన్సిల్ పెట్టి."

"శుక్రవారం చర్చిలో చేపల వేపుడు అమ్మకం ఉందని రాసినట్టుంది. లోపల రేపటి పాట పెట్టుకుని, పైన నిన్నటి చేపలు పెడతావా? ఇలా తే."

అలా రాకెట్ ఫైలు మళ్ళీ తెరుచుకుంది. డెస్మండ్ పాటలకు పేర్లు పెట్టేకొద్దీ, ఆ పేర్లకు కావలసిన అక్షరాలు ఒక్కొక్కటే తయారయ్యాయి. చదరంతో సమానమైన ఎత్తులో వృత్తం గీస్తే కంటికి వృత్తం పొట్టిగా కనిపిస్తుంది. అందుకని 'ఓ' అక్షరాన్ని పైకీ కిందికీ వెంట్రుకంత సాగదీసేది. అడుగు సందు ఎంత ఉండాలో తేల్చడానికి పది రోజులు పట్టింది. మరీ చిన్నదైతే అచ్చులో ఇంకు నిండి మూసుకుపోతుంది, మరీ పెద్దదైతే అక్షరం నోరు తెరిచి ఆవలించినట్టు ఉంటుంది.

రికార్డులు సముద్రం దాటి వెళ్ళాయి. బెర్లిన్ నుంచి ఒకరు, ఒసాకా నుంచి ఒకరు ఉత్తరాలు రాశారు. పాటల గురించి నాలుగు మాటలు రాసి, ఆ అక్షరాలు ఎవరివి అని అడిగారు. ఊళ్ళో స్కేటింగ్ హాలు వాళ్ళు తమ పోస్టరుకి అడిగారు. ఎదురింటి ఓజెల్లా తన జుట్టు పార్లర్ బోర్డుకి కావాలంది. ఇనుప అక్షరాల బోర్డు తగిలించిన రోజే రోడ్డు మధ్యలో నిలబడి కేకలు పెట్టింది.

"ఏమే వెర్లీన్! నా పేరు మొదట్లో ఈ గుర్రపు నాడా ఏంటే? నాడా కింది వైపు తెరిచి ఉంటే అదృష్టమంతా కారిపోతుందంటారు!"

"కారేది అదృష్టం కాదు, ఉప్పునీళ్ళు. నోరు మూసుకుని రెండు చలికాలాలు ఆగు."

"నా కస్టమర్లు 'జెల్లా' అని చదువుతున్నారు!"

"వాళ్ళకి జుట్టు కళ్ళ మీద పడుతోందేమో. కత్తిరించు."

రెండు చలికాలాలు గడిచాయి. ఆ వీధిలో చార దిగని బోర్డు ఓజెల్లాది ఒక్కటే. ఆ సంగతి ఆమె ఒప్పుకోలేదు కాని, గుర్రపు నాడా మాట మళ్ళీ ఎత్తలేదు.

తొంభై ఐదు ఫిబ్రవరిలో షికాగో నుంచి హాల్వర్సన్ అనే పెద్దమనిషి వచ్చాడు. అచ్చు అక్షరాల ఫాంట్లు తయారుచేసి ప్రపంచమంతా అమ్మే కంపెనీ మనిషి, వెర్లీన్ అక్షరాలన్నీ ముందే పోస్టులో తెప్పించుకున్నాడు. మెత్తగా మాట్లాడేవాడు, బూట్లు గుమ్మం దగ్గర తుడుచుకున్నాడు, మొక్కజొన్న రొట్టె పెడితే రెండో ముక్క అడిగి తిన్నాడు. వెర్లీన్‌కి మనిషి నచ్చాడు. డెస్మండ్ బస్సు యూనిఫాంలోనే వచ్చి కూర్చున్నాడు. ఓజెల్లాని ఎవరూ పిలవలేదు కాని ఎర్ర సోడా సీసా పట్టుకుని తనూ వచ్చింది.

హాల్వర్సన్ నున్నటి కాగితాలు నాలుగు బల్ల మీద పరిచాడు. వెర్లీన్ అక్షరాలే. సంబరంగా ఒకటి చేతిలోకి తీసుకుంది. మరుక్షణం కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది.

"సందులు ఏవి?"

"అవి సరిచేశామండి. చిన్న సైజులో అచ్చువేస్తే అవి లోపంలా కనిపిస్తాయి. కొన్నిటికి మాత్రం అందం కోసం పైన ఉంచాం, చూడండి."

"పైన ఉంచితే నీళ్ళు లోపలికి వస్తాయి."

హాల్వర్సన్ చిరునవ్వు నవ్వాడు. "కాగితం మీద వాన పడదు కదా, మిసెస్ టాలివర్."

"మిస్. మీ కాగితం మీద పడదు. మా వీధిలో పడుతుంది."

"ఇక్కడ కింద ఏదో పేరు పెట్టి రాసుంది" అని డెస్మండ్ నాలుగో కాగితం అందుకుని పైకి చదివాడు. "'స్పేస్‌పోర్ట్. డెట్రాయిట్ వీధుల్లో పుట్టిన అక్షరాలు.' వీధుల్లో పుట్టాయా? నేను రోజూ ఎనిమిది గంటలు ఆ వీధుల్లోనే తిరుగుతాను సార్. ఒక్క అక్షరాన్ని కూడా కనడం చూడలేదు."

ఓజెల్లా సోడా ముక్కులోంచి వచ్చేలా నవ్వింది.

"గీసినవాళ్ళ పేరు వెయ్యడం మా దగ్గర అలవాటు లేదండి" అన్నాడు హాల్వర్సన్, కాస్త ఇబ్బందిగా. "పేరున్న కళాకారులైతే వేరే సంగతి. మీరు కోపం తెచ్చుకోకపోతే ఒక మాట. ఈ సందులు నియమం అంటున్నారు. మీరు పంపిన ఇరవై ఆరింటిలో వి అక్షరం చూడండి. డబ్ల్యూకి కూడా అడుగు గుండ్రంగా చేసి సందులు పెట్టారు. వి మాత్రం అడుగున సూదిలా మూసుకుంది. నీళ్ళు చిక్కుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. కానీ అది ఎవరికీ లోపంగా అనిపించలేదు. మీకు కూడా. ఒకటి మూసుకోగలిగితే మిగతావి మూసుకోవడానికి ఏం?"

వెర్లీన్ ఆ కాగితం దగ్గరికి లాక్కుంది. ఆయన చెప్పింది నిజం. ఇరవై ఏళ్ళుగా ఆ ఫైల్లో ఉన్న అక్షరం. వేలిమొనతో దాని సూది మీద రుద్ది చూసుకుంది.

"శుక్రవారం దాకా ఊళ్ళోనే ఉంటాను" అన్నాడు హాల్వర్సన్ లేస్తూ. ఒప్పంద కాగితం బల్ల మీద పెట్టాడు. "ఆలోచించుకుని సంతకం పెట్టండి. మీ అక్షరాలు టోక్యో విమానాశ్రయంలో కూడా కనబడొచ్చు."

తలుపు మూసుకోగానే ఓజెల్లా అందుకుంది. "పెట్టెయ్యవే. సందు ఉంటే ఎంత, లేకపోతే ఎంత? టోక్యో!"

"నీ బోర్డు దించి సందులు పూడ్చనా?"

"నా బోర్డు జోలికి వస్తే చెయ్యి విరుగుతుంది."

"అదీ సంగతి" అంది వెర్లీన్. కాని ఒప్పంద కాగితాన్ని పక్కకు నెట్టలేదు. సందులు పోతే ఆ అక్షరాలు స్టూడియో మగవాళ్ళు గీసిపడేసినవాటిలాంటివే అవుతాయి. ఆమె చూసింది, నేర్చుకుంది, పార్కింగ్‌లో చలికి వేళ్ళు కొంకర్లు పోతూ రాసుకుంది, అదంతా ఆ సందుల్లోనే ఉంది. వాటిని అడ్డుకునే హక్కు కావాలంటే ముందు వి సంగతి తేల్చాలి. ఎందుకు మూసింది?

మర్నాడు పొద్దున కోటు వేసుకుని వీధిలోకి వెళ్ళింది. వీధి మూల మీద చర్చి పెద్ద డీకన్ గారి పాత కారు ఉంది, మంచులో సగం కూరుకుపోయి. దాని ముక్కు మీద పెద్ద క్రోమ్ వి. వి-ఎయిట్ ఇంజను గుర్తు. వెర్లీన్ చేతితొడుగుతో మంచు తుడిచి చూసింది. అడుగున సూది దగ్గర నల్లటి తుప్పు, గింజంత. అప్పుడు అర్థమైంది.

ఆ ఊళ్ళో వి అంటే అక్షరం కాదు, ఇంజను. రెండు వరసల సిలిండర్లు అడుగున ఒక్కచోట కలుస్తాయి, అదే దాని బలం. తండ్రి ఆ వి ని చూసి గౌరవంగా టోపీ తీసేవాడు. నేమ్‌ప్లేట్ గదిలో ఏ అక్షరాన్నైనా మార్చనిచ్చేవారు కాని వి ని కదపనిచ్చేవారు కాదు. 'వి విరిగిందంటే ఇంజను విరిగినట్టే' అనేవాడు గదికి పెద్ద. డెట్రాయిట్‌లో ఎవరి చేతికి పెన్సిలిచ్చినా వి సూదిగానే దిగుతుంది. వెర్లీన్ చెయ్యి కూడా అంతే. అది తను గీసిన అక్షరం కాదు. వాళ్ళది.

"ఇరవై ఏళ్ళు నా ఫైల్లో అద్దె లేకుండా ఉన్నావు" అంది దానితో. డీకన్ గారి భార్య కిటికీలోంచి చూసి, వెర్లీన్ కారుతో మాట్లాడుతోందని ఓజెల్లాకి ఫోన్ చేసింది.

ఇంటికొచ్చి బోర్డు ముందు కూర్చుంది. మొదట, మిగతా అక్షరాలకు పెట్టినంత సందే పెట్టింది. రెండు కర్రలు తగవులాడుకుని చెరోవైపు వాలినట్టు ఉంది. సందు తగ్గించింది. అచ్చులో ఇంకు మూసేస్తుంది. కాళ్ళు దగ్గరికి జరిపింది, అక్షరం సన్నగిల్లిపోయింది. బుధవారమంతా అలాగే పోయింది. గురువారం మధ్యాహ్నం డెస్మండ్ సూపు తెచ్చి చూస్తే నేల నిండా కాగితాలు.

"మిస్ వెర్లీన్, ఆయన అడిగింది మిగతావి మూసెయ్యమని. మీరు ఉన్నదాన్ని విరగ్గొడుతున్నారు."

"ఆయన నా తప్పు పట్టుకున్నాడు. పట్టుకున్నందుకు దణ్ణం పెడతాను. కాని దిద్దుకునేది ఎటువైపో చెప్పాల్సింది నేను."

సాయంత్రం ఎండ వాలేవేళకి దొరికింది. ఎడమ కాలుని కుడి కాలు కన్నా వెంట్రుకంత కిందికి దించింది. అంతే, కన్ను ఆ పొడుగు కాలు వెంట దిగి, సందు దాటి, దానంతట అదే రెండోదాన్ని అందుకుంటోంది. రెండు కాళ్ళూ తాకడం లేదు. కాని వి నిలబడింది. వెర్లీన్ పెన్ను కింద పెట్టి, చల్లారిన సూపు గిన్నెతో ఎత్తి తాగేసింది.

శుక్రవారం హాల్వర్సన్‌కి ఒకటే కాగితం ఇచ్చింది. ఇరవై ఆరు అక్షరాలు, ఒక్కటి కూడా నీళ్ళు పట్టదు. కింద ఆమె పూర్తి పేరు. ఆయన వేలితో వి ని వెతికి పట్టుకున్నాడు.

"ఈ వి అద్భుతంగా ఉందండి. నిజంగా. కాని దీన్ని మా వాళ్ళు ఒప్పుకోరు."

"అయితే వద్దు."

"ఒక సంగతి చెప్పడం నా ధర్మం. అక్షరాల ఆకారానికి ఈ దేశంలో కాపీరైట్ లేదు. మీరు సంతకం పెట్టకపోయినా స్పేస్‌పోర్ట్ బయటికి రావచ్చు."

"రానివ్వండి. అది నీళ్ళు పడుతుంది, నాది పట్టదు. ఏది ఎవరిదో వానే చెబుతుంది." ఒప్పంద కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన కోటు జేబులో తనే దోపింది. మిగిలిన మొక్కజొన్న రొట్టె కూడా పొట్లం కట్టి ఇచ్చింది. దారి చాలా దూరం కదా.

ఆ నెలలోనే డెస్మండ్ కొత్త రికార్డు అట్ట వెనక, పాటల వివరాలు తీసేసి, ఇరవై ఆరు అక్షరాలూ పరిచారు. పైన ఒకే వాక్యం: ఎవరైనా వాడుకోవచ్చు, సందులు మాత్రం పూడ్చకూడదు. కింద వెర్లీన్ టాలివర్ అని పెద్దగా, ఆ అక్షరాలలోనే. ఆ పేరులో వి రెండుసార్లు వస్తుంది. అట్టని అచ్చు వెయ్యడానికి ప్రెస్సుకి పంపారు. మంగళవారం పొద్దున ప్రెస్సు నుంచి ఫోన్.

"అమ్మా, మీ అచ్చు ఫిల్ములు దెబ్బ తిన్నట్టున్నాయి. అక్షరాలన్నీ అడుగున తెగాయి, వి అయితే రెండు ముక్కలే అయింది. పర్లేదు, నేను బ్లేడుతో గీకి కలిపేస్తా..."

"ఆ బ్లేడు కింద పెట్టు."

"అది కాదమ్మా..."

"కింద పెట్టావా? చప్పుడు వినబడలేదు నాకు."

ఫోన్‌లో బల్ల మీద ఇనుము పెట్టిన చప్పుడు వినిపించింది. వెర్లీన్ కోటు తగిలించుకుని గ్రాషియట్ బస్సెక్కింది. బస్సు డెస్మండ్‌దే. "ఎక్కడికి మిస్ వెర్లీన్?" అంటే, "కాపలాకి" అంది.

ప్రెస్సులో మిషను పక్కన కుర్చీ వేయించుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ప్రెస్సతను ఆమెను ఓరగా చూస్తూ మిషను తిప్పాడు. మొదటి అట్ట బయటికి రాగానే వెలుతురు వైపు ఎత్తి పట్టుకుని, కళ్ళు చికిలించి పైకి చదివాడు.

"ఎర్... ఎర్లీన్. ఎర్లీన్ టాలియర్. ఎవరమ్మా ఈవిడ?"

"ముందున్నవి రెండు గీతలు కావు. మళ్ళీ చదువు."

అతను అట్టని దూరంగా జరిపాడు. దగ్గరికి తెచ్చాడు. పెదవులు కదిలాయి.

"వెర్లీన్" అన్నాడు.

"మిస్ వెర్లీన్" అంది ఆమె. "తిప్పు. నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు."